సింగిలా, మల్టీనా, కాంబోనా: పందెం స్లిప్పులో మీ రూపాయికి తరుగు ఎంత?

పోయిన ఐపీఎల్ రోజుల్లో ఒక పొద్దున ఒంగోలు ఆర్టీసీ బస్టాండు దగ్గర టీ తాగుతుంటే, నా పాత స్టూడెంట్ ఒకడు వచ్చి ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. వాడిప్పుడు చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తున్నాడు. స్క్రీన్ మీద ఒక పందెం స్లిప్పు, ఆరు పందేలకి ఆరు వరుసలున్నాయి. ఐదింటి పక్కన పచ్చ టిక్కు, ఆరోదాని పక్కన ఎర్ర ఇంటూ. పెట్టింది 200 రూపాయలు. ఆరూ వచ్చి ఉంటే 9,409.

"ఐదొచ్చినాయి సార్. ఒక్కటే పోయింది. ఒక్కటంటే ఒక్కటి."

వాడి గొంతులో బాధ పెద్దగా లేదు. కొద్దిలో తప్పిపోయిందన్న హుషారే ఎక్కువ. వెంటనే అసలు ప్రశ్న వేశాడు: "ఈసారి ఆరొద్దు, మూడే పెడదామనుకుంటున్నా. లేకుంటే ఒకే మ్యాచ్‌లో కాంబో. ఏది మేలంటారు?"

ఇంటర్ పిల్లలకి ఇరవై ఏళ్లుగా ప్రాబబిలిటీ చెబుతున్నాను. పాచికలూ పేకముక్కలూ పెట్టి చెబితే ఆవులిస్తారు. ఈ స్లిప్పు మాత్రం మొత్తం పాఠాన్ని ఒక్క స్క్రీన్‌లో పెట్టింది. వాడికి ఆ రోజు టీ కొట్టు అట్టముక్క మీద వేసి చూపించిన లెక్కే ఇది, కాస్త విడమరిచి రాస్తున్నాను. ఒక సంగతి ముందే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పందెం నేరం. కాబట్టి ఇది ఎలా ఆడాలో చెప్పే రాత కాదు. రకరకాల స్లిప్పుల మధ్య ఊగిసలాడేవాళ్లకి ఒక్కోదాంట్లో ఏం పోతుందో చూపించే రాత.

పార్లే అంటే మనకి గుర్తొచ్చేది బిస్కెట్టే. అమెరికాలో మాత్రం నాలుగైదు పందేలను ఒకే స్లిప్పులో గుదిగుచ్చితే దాన్ని పార్లే అంటారు. ఇంగ్లండులో అక్యుములేటర్. మన కుర్రాళ్లు మల్టీ అంటారు, అన్నీ ఒకే మ్యాచ్‌లోవైతే కాంబో అంటారు. పేరేదైనా నియమం ఒకటే: అన్నీ గెలిస్తేనే డబ్బు. ఒక్కటి తప్పినా సున్నా. మొదటి పందెంలో వచ్చిందంతా రెండోదాని మీదికి, అక్కడ వచ్చిందంతా మూడోదాని మీదికి వెళుతుంది. మధ్యలో ఒక్క రూపాయి కూడా మన జేబులోకి రాదు.

దేన్ని బట్టి పోల్చాలి

వాడు చూస్తున్నది ఒక్కటే, గెలిస్తే ఎంత వస్తుందని. అది స్లిప్పు మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చూడాల్సినవి వేరే ఉన్నాయి.

అన్నింటికన్నా ముఖ్యమైనది తరుగు. వడ్లు అమ్మిన వాళ్లకి ఈ మాట వివరించక్కర్లేదు. కాటా దగ్గర తేమ అని, తాలు అని పుట్టికి ఇన్ని కిలోలు కోసేస్తారు. బుకీ కూడా అంతే. రెండు సమఉజ్జీ జట్లు ఆడుతున్నాయనుకోండి, ఎవరు గెలుస్తారన్నది బొమ్మా బొరుసే. న్యాయంగా అయితే 100 పెట్టి గెలిచినవాడికి 200 ఇవ్వాలి. యాప్‌లో కనపడే రేటు 1.90, అంటే 190. ఈ తరుగును మీరే తేల్చుకోవచ్చు. 100ని ఒక జట్టు రేటుతో భాగించండి, ఇంకోదాని రేటుతోనూ భాగించండి, రెండూ కూడండి. 1.90, 1.90 అయితే 52.63కి ఇంకో 52.63 కలిసి 105.26 వస్తుంది. వంద దాటిందంతా వాడి వాటా. లెక్క తేలితే, పెట్టిన ప్రతి వందకీ సగటున ఐదు రూపాయలు అక్కడే ఆగిపోతాయి.

రెండోది, ఎన్నిసార్లు వరుసగా ఓడాల్సి వస్తుందన్నది. జేబూ మనసూ రెండూ తట్టుకోవాలి కదా. మూడోది, ఆ తరుగు మన కంటికి కనపడుతుందా, లెక్కకి అందకుండా దాక్కుంటుందా అన్నది. చివరిది, గెలిచాక డబ్బు నిజంగా చేతికొస్తుందా అన్నది. దీన్ని అడిగేవాడు తక్కువ.

తరుగు మీద తరుగు

పైన చెప్పిన 1.90 రేటు పందేలనే ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోతే ఏమవుతుందో ఇక్కడ చూడండి. అన్నీ 100 రూపాయల స్లిప్పులు.

| ఎన్ని పందేలు | గెలిచే అవకాశం | న్యాయంగా రావాల్సింది | స్లిప్పు ఇచ్చేది | సగటున 100కి తిరిగొచ్చేది |
|---|---|---|---|---|
| 1 | 2లో 1 | 200 | 190 | 95 |
| 2 | 4లో 1 | 400 | 361 | 90 |
| 3 | 8లో 1 | 800 | 686 | 86 |
| 4 | 16లో 1 | 1,600 | 1,303 | 81 |
| 5 | 32లో 1 | 3,200 | 2,476 | 77 |
| 6 | 64లో 1 | 6,400 | 4,705 | 74 |

మా వాడు నాలుగో నిలువు వరుస చూసి "అబ్బ, 4,705!" అన్నాడు. నేను చివరి వరుస మీద వేలు పెట్టాను. ఒకే బస్తాను ఆరుగురు వ్యాపారుల కాటా మీద వరుసగా పెట్టి, ప్రతివాడి దగ్గరా తరుగు తీయించుకుని వస్తే ఇంటికి ఎంత చేరుతుందో అదే ఇది. ఒక్కో కాటా దగ్గర కోసేది ఐదే శాతం. ఆరు కాటాలు దాటేసరికి నూటికి ఇరవై ఆరు పోయాయి. పందేలు కలుపుతున్న కొద్దీ బహుమతి పెరుగుతున్నట్టు కనపడుతుంది. దానితోపాటు తరుగూ పెరుగుతోందని స్లిప్పు చెప్పదు.

సింగిల్

స్లిప్పులో ఒకే ఒక్క పందెం. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తరుగు తక్కువ, అదీ కంటికి కనపడుతుంది. గెలుపోటములు రోజు మార్చి రోజు వస్తుంటాయి. చప్పగా ఉంటుంది, అందుకే కుర్రాళ్లకి నచ్చదు. అయినా నూటికి ఐదు పోవడం పోవడమే. ఎంత ఎక్కువసార్లు ఆడితే అంత కచ్చితంగా పోతుంది. ఒకే వెయ్యి రూపాయలను ఒక సీజన్లో ఇరవైసార్లు తిప్పినవాడు ఇరవై వేల మీద తరుగు కట్టినట్టు.

రెండు మూడు కలిపితే

"మూడే పెడతా" అన్నవాడి వాదన ఇదే, మధ్యేమార్గం. పట్టిక చూస్తే సింగిల్‌తో పోల్చితే తరుగు దాదాపు మూడింతలు, అంటే 5 నుంచి 14. ఎనిమిది స్లిప్పులకి ఒకటి తగలాలి. అమెరికాలో పాతకాలం నుంచి వాడుకలో ఉన్న పార్లే రేట్లలో మూడింటి పార్లేకి రూపాయికి ఆరు రూపాయల లాభం ఇచ్చేవారు, రెండింటి పార్లేకి ఐదు రూపాయలకి పదమూడు. న్యాయంగా అయితే రూపాయికి మూడింటి పార్లేలో ఏడు, రెండింటి పార్లేలో మూడు రావాలి. ఏడుకీ ఆరుకీ తేడా చూడ్డానికి చిన్నదే. వాళ్ల క్యాసినో భవనాల కరెంటు బిల్లు ఆ తేడాలోంచే కడతారు.

మూడింటిని ఇంకో రకంగానూ పెట్టొచ్చు, రెండేసి జతలుగా. మూడు పందేలకి మూడు జతలు, జతకి 100 చొప్పున 300. రెండు గెలిస్తే 361 వస్తుంది, మూడూ గెలిస్తే 1,083, ఒక్కటే గెలిస్తే సున్నా. దీన్ని సిస్టమ్ బెట్ అంటారు. "ఒకటి పోయినా పర్లేదు" అని అమ్ముతారు. అది నిజమే, వరుస ఓటములు తగ్గుతాయి. తరుగు మాత్రం జతకి ఎంతో అంతే, నూటికి పది. పైగా 100 పెట్టేవాడి చేత 300 పెట్టించారు.

ఐదు, ఆపైన

ఇక్కడ కాస్త ఆగాలి. మా వాడి రోగం ఇదే, ఒంగోలు నుంచి నెల్లూరు దాకా నాకు తెలిసిన కుర్రాళ్లలో చాలామందిదీ ఇదే.

2025 ఐపీఎల్ షెడ్యూల్లో 74 మ్యాచ్‌లు. మ్యాచ్‌కో స్లిప్పు చొప్పున 74 స్లిప్పులు, ఒక్కోదాంట్లో ఐదు పందేలు, వంద రూపాయలు. మొత్తం 7,400. ఇలా ఆడేవాళ్లు వెయ్యిమంది ఉన్నారనుకుని లెక్క వేస్తే ఇలా తేలింది:

| ఎన్ని స్లిప్పులు తగిలాయి | వెయ్యిమందిలో ఎంతమంది | చివరికి |
|---|---|---|
| ఒక్కటీ లేదు | 95 | 7,400 నష్టం |
| ఒకటి | 228 | 4,924 నష్టం |
| రెండు | 268 | 2,448 నష్టం |
| మూడు | 208 | 28 రూపాయల లాభం |
| నాలుగు, ఆపైన | 201 | కనీసం 2,504 లాభం |

రెండు నెలలు రాత్రి పదకొండున్నర దాకా మేలుకుని, మూడుసార్లు ఐదుకి ఐదూ సరిగ్గా చెప్పినవాడికి మిగిలింది 28 రూపాయలు. రెండు టీలు.

నిజాయితీగా ఒక మెలిక కూడా చెప్పాలి. ఇదే 7,400ని 74 సింగిల్స్‌గా పెడితే లాభంతో బయటపడేవాళ్లు వెయ్యికి సుమారు 360 మంది. పైన మూడూ ఆపైన తగిలినవాళ్లు 409 మంది. అంటే సీజన్ చివర్లో "నేను పోగొట్టుకోలేదు" అనేవాళ్లు మల్టీలోనే కాస్త ఎక్కువ కనిపిస్తారు! మల్టీకి ఇంత మోజు ఎందుకో ఇక్కడే అర్థమవుతుంది. కానీ సింగిల్స్‌లో సగటు నష్టం 370 రూపాయలు, రెండు వేలు దాటి పోగొట్టుకునేవాళ్లు చాలా అరుదు. మల్టీలో సగటు నష్టం 1,674. నష్టపోయిన ప్రతి ఒక్కరికీ రెండున్నర వేల దగ్గర్నుంచి మొత్తం దాకా పోతుంది. పెద్ద లాభం వచ్చిన ఆ 201 మందే స్క్రీన్‌షాట్లు పెడతారు. సున్నా తగిలిన 95 మంది ఏ గ్రూపులోనూ ఏమీ పెట్టరు.

పైగా ఇదంతా నేను దయతలిచి వేసిన లెక్క, తరుగు ఐదే అనుకుని. అమెరికాలోని నెవాడాలో పార్లే కార్డుల మీద నిర్వాహకులకి మిగిలేది దశాబ్దాల లెక్కలో నూటికి ముప్ఫై దరిదాపుల్లో ఉంటూ వచ్చింది. మామూలు పందేల మీద ఐదారు. 2018 మే నెలలో అక్కడి సుప్రీంకోర్టు తీర్పుతో మిగతా రాష్ట్రాల్లోనూ ఆటల పందేలకి దారి తెరుచుకున్నాక, కంపెనీలన్నీ ప్రకటనల్లో పార్లేలనే ఎందుకు ముందుకు తోస్తున్నాయో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది.

"గ్యారంటీ టీమ్‌లే పెడతా" అనేవాళ్లు ఇంకో రకం. 1.25 రేటు జట్లు ఐదు ఏరుకుంటారు. ఒక్కోటి నూటికి 76సార్లు గెలిచే జట్టు, కాదనలేం. ఐదూ ఒకేసారి గెలవడం మాత్రం నూటికి 25సార్లే. నాలుగింట మూడుసార్లు ఏదో ఒక గ్యారంటీ చెయ్యిస్తుంది. వచ్చే డబ్బు 305, సగటున తిరిగొచ్చేది అదే 77. పెద్ద రేటు జట్లయినా చిన్న రేటు జట్లయినా కాటాలు ఐదే కదా.

కొన్ని యాప్‌లు ఐదు కలిపితే పది శాతం మల్టీ బోనస్ అంటాయి. అది కలిపినా సగటు 85 దాకా వస్తుంది, 95 రాదు. ఇరవై మూడు కోసి ఎనిమిది చేతిలో పెట్టడాన్ని బోనస్ అంటున్నారు.

ఒకే మ్యాచ్‌లో కాంబో

చెన్నై గెలవాలి, ఓపెనర్ యాభై కొట్టాలి, మ్యాచ్‌లో పదిహేను సిక్సర్లు దాటాలి. ఒకే మ్యాచ్, మూడు షరతులు. మ్యాచ్ చూస్తూ ఆడే వాళ్లకి ఇదే ఎక్కువ కిక్కు. నా లెక్క ప్రకారం అన్నింటికన్నా మోసకారి కూడా ఇదే.

కారణం ఇదీ. వేరువేరు మ్యాచ్‌లైతే ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు, రేట్లు గుణిస్తే సరిపోతుంది. ఒకే మ్యాచ్‌లో అన్నీ ముడిపడి ఉంటాయి. జట్టు గెలిచే అవకాశం 50 శాతం, ఓపెనర్ యాభై కొట్టే అవకాశం 40 శాతం అనుకుందాం. గుణిస్తే 20. కానీ జట్టు గెలిచిన రోజుల్లో ఆ ఓపెనర్ ఆడి ఉండే అవకాశం ఎక్కువ, 55 అనుకోండి. అప్పుడు రెండూ కలిసి జరిగేది నూటికి 27 లేదా 28సార్లు. కాబట్టి యాప్ వాడు రేటు తగ్గించాలి, అది తప్పేం కాదు. ఎంత తగ్గించాలన్నది మాత్రం వాడి కంప్యూటర్‌కే తెలుసు. న్యాయమైన రేటు 3.64 దగ్గర ఉంటే స్క్రీన్ మీద 2.90 కనపడొచ్చు. అది తక్కువో కాదో పట్టుకునే మార్గం మీకు లేదు. రెండు జట్ల రేట్లు కూడి 105.26 తేల్చినట్టు ఇక్కడ తేల్చలేరు, ఎందుకంటే మీ కాంబోకి ఎదురు పందెం అమ్మకానికే లేదు. కాటా ముల్లు గోడవైపు తిప్పి తూచినట్టు ఉంటుంది.

సింగిల్‌కీ మల్టీకీ మధ్య తేల్చుకోవాలంటే లెక్క వేయొచ్చు. కాంబోని లెక్కలోకి తెచ్చే దారే లేదు. నాకు ఇదొక్కటే చాలు, ఆ వరుసలో దాన్ని చివర నిలబెట్టడానికి.

గుర్రప్పందెం జాక్‌పాట్

"చట్టబద్ధమైనదే ఆడతా సార్" అనేవాళ్లు చూపించేది హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సు. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం నైపుణ్యం ఉన్న ఆట అంది, నిజమే. అక్కడి జాక్‌పాట్ కూడా వరుసగా కొన్ని రేసుల విజేతలను ముందే చెప్పే పార్లేనే. తేడా ఏమిటంటే, డబ్బంతా ఒక కుండలో వేసి, క్లబ్బు తన వాటా తీసుకున్నాక మిగిలింది గెలిచినవాళ్లకి పంచుతారు. తరుగు ఒక్కసారే తీస్తారు. కానీ పన్ను పక్కనే కాచుకుని ఉంటుంది. గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను, పాత ఓటములను అందులోంచి తీసేసుకునే వీల్లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పందేల మీద జీఎస్టీ 28 నుంచి 40కి పెరిగింది. చప్పట్లు కొట్టే ముందు చివరి అంకె చూసుకోవాలి.

గెలిస్తే డబ్బు వస్తుందా

ఇప్పటిదాకా బుకీ నిజాయితీపరుడనే అనుకున్నాం. మన ఊళ్లలో పద్ధతి తెలిసిందే. ఎవరో ఒక ఏజెంటు వాట్సాప్‌లో ఐడీ, అంటే పందెం సైటులోకి వెళ్లే లాగిన్, ఇస్తాడు. ముక్కూమొహం తెలియని ఖాతాకి యూపీఐలో డబ్బు వేయమంటాడు. ఓడినంతకాలం ఐడీ చక్కగా పనిచేస్తుంది. ఐదింటి స్లిప్పు తగిలిన రోజున "రేటు పొరపాటున పడింది, స్లిప్పు చెల్లదు" అంటాడు, లేదా ఐడీనే మూసేస్తాడు. సింగిల్ ఆడినవాడు 190 పోగొట్టుకుంటాడు, మల్టీ ఆడినవాడు 2,476. అంటే ఎగ్గొట్టాలన్న బుద్ధి పుట్టేది కూడా పెద్ద స్లిప్పు దగ్గరే.

కోర్టుకి వెళ్లలేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచిన డబ్బు కోసం దావా వేయలేరు. ఇంకో చిక్కు ఉంది. మీకు డబ్బు వచ్చిన ఖాతా ఏదైనా సైబర్ మోసం కేసులో ఉంటే మీ ఖాతా కూడా ఫ్రీజ్ కావచ్చు. జీతం పడే ఖాతా అదే అయితే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

చట్టం మాటకొస్తే, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ ఆటలను కూడా దాని కిందికి తెచ్చారు. ఆడించేవాళ్లకే కాదు, ఆడేవాళ్లకీ శిక్ష ఉంది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నింటినీ దేశమంతా నిషేధించింది. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకి రెండేళ్లు, 50 లక్షలు. డబ్బు పెట్టే ఫ్యాంటసీ టీమ్ పోటీలు ఆగిపోయింది అందుకే. 2017లో నెల్లూరు బెట్టింగ్ కేసులు రాష్ట్రమంతా మారుమోగిన సంగతి ఈ జిల్లాల్లో ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు.

ఎవరికి ఏది

మా బావ విడవలూరు వైపు రొయ్యలు సాగు చేస్తాడు. ఈ లెక్కంతా విని నవ్వాడు. "నాదీ పార్లేనే కదరా. సీడ్ బాగుండాలి, వైట్‌స్పాట్ జబ్బు పడకూడదు, కరెంటు ఉండాలి, పట్టుబడినాటికి రేటు ఉండాలి. నాలుగూ కుదిరితేనే నాకు నాలుగు రాళ్లు." మాట బాగుంది, పోలిక మాత్రం కుదరదు. రేటు పడిపోతే బావకి తక్కువ వస్తుంది, సున్నా రాదు. జబ్బు అనుమానం వస్తే రొయ్య చిన్నగా ఉండగానే పట్టి అమ్ముకుంటాడు. కరెంటు పోతే జనరేటర్ మీద ఏరియేటర్లు తిప్పుతాడు. ప్రతి మలుపులోనూ ఆయన చెయ్యి పెట్టడానికి ఏదో ఒకటి ఉంది. స్లిప్పు కొట్టాక మనం చేయగలిగింది టీవీ చూడటమే. పంట డబ్బులు ఒకేసారి చేతికొచ్చే రైతుకి, అది రొయ్యలైనా పొగాకైనా, నా సలహా ఒకటే: పంట పంటకీ ఒక జూదం మీకు పొలంలోనే ఉంది, ఇంకోటి అక్కర్లేదు.

సరదా కోసం ఆడేవాడి సంగతి వేరు. వాడికి కావాల్సింది మ్యాచ్‌లో ఒక పట్టు. మా కాలేజీ స్టాఫ్ రూములో సీజనంతా బోర్డు మీద ఐదు ప్రశ్నలు రాస్తాం, పాయింట్లే, డబ్బు లేదు. ఐదుకి ఐదు సరిగ్గా చెప్పినవాడు ఇప్పటిదాకా ఒక్కడే, ఫిజిక్స్ ఆయన, అదీ ఆయనకి క్రికెట్ రాదు. మల్టీలో ఉన్న కిక్కంతా ఆ బోర్డు మీద ఉంది.

లెక్కలంటే ఇష్టమున్న కుర్రాడు "నేను రేటు తప్పులు పట్టుకుంటా" అంటాడు. పట్టుకోగలిగితే అది సింగిల్‌లోనే సాధ్యం. ఒకే ఒక్క సరైన అంచనాని నాలుగు ఊకదంపుడు అంచనాలతో కట్టేస్తే వాడి తెలివి ఆ నాలుగు తరుగుల్లో కొట్టుకుపోతుంది.

పోయింది రాబట్టుకోవాలని మల్టీ వైపు చూసేవాళ్లతో నాకు వాదన లేదు. పదివేలు పోయినవాడికి ఆరింటి స్లిప్పు ఒక్కటే పదివేలు చూపిస్తుంది, అందుకే అది కనపడుతుంది. 64లో 63సార్లు ఆ పదివేల మీద ఇంకొంత చేరుతుంది. అప్పు యాప్‌ల దాకా వెళ్లినవాళ్లు, నిద్ర పట్టనివాళ్లు ఉంటే 14416కి ఫోన్ చేయొచ్చు. టెలీ మానస్ వాళ్లది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. డబ్బు మోసం జరిగితే 1930, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

క్యాష్ అవుట్ అనే మీట

మా వాడి స్లిప్పుకి మళ్లీ వస్తాను. ఐదు గెలిచాక, ఆరో మ్యాచ్ మొదలయ్యే ముందు యాప్ వాడికి ఒక మీట చూపించింది: ఇప్పుడే ఆపేస్తే 4,100 ఇస్తాం అని. వాడు నొక్కలేదు.

ఆ 4,100 న్యాయమా? ఆరోది బొమ్మా బొరుసే కాబట్టి స్లిప్పు విలువ 9,409లో సగం, 4,704. అంటే ఆపేసినందుకు ఇంకో ఆరొందలు తరుగు, పదమూడు శాతం. ఆరు కాటాల తర్వాత గేటు దగ్గర ఏడో కాటా. "అయితే నొక్కకపోవడమే రైటు కదా సార్" అన్నాడు ఆశగా. సగటు లెక్కలో నొక్కకపోవడమే ఎక్కువ, ఒప్పుకున్నాను.

తర్వాత వాడి జీతం ఎంతని అడిగాను. పదహారు వేలు.

"ఆ రాత్రి ఎవడైనా నీ చేతిలో 4,100 పెట్టి, ఇదంతా ఈ ఒక్క మ్యాచ్ మీద వెయ్యరా అంటే వేసేవాడివా?"

"నెల జీతంలో నాలుగో వంతు సార్. ఒక్క మ్యాచ్ మీద ఎవడేస్తాడు?"

"నువ్వే వేశావు."

వాడు ఫోన్ తీసి స్లిప్పు మళ్లీ చూశాడు. పైన 200 అనే ఉంది. అట్టముక్క మీద 4,100 చుట్టూ నేను గీసిన సున్నా వైపు చూశాడు, మళ్లీ ఫోన్ వైపు. చీమకుర్తి బస్సు వచ్చి ఆగింది. అట్టముక్క మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "టీ డబ్బులు నేనిస్తాలే సార్" అని పరిగెత్తాడు. ఇవ్వలేదు.